కోతులతో చుట్టరికం

ఆ రోజుల్లో నాకు అసూయ కలిగితే ఆకలి వేసేది. అసూయపడేవాళ్ళకు అన్నం సహించదని, కంటికి కునుకు రాదని అంటుంటారు గానీ నా సంగతి అది కాదు. నా ముందర ఇంకొకరిని మెచ్చుకుంటే చాలు, కడుపులో ఎక్కడో ఒక పొయ్యి రాజుకునేది, దానిమీద ఏదో ఒకటి వేస్తే తప్ప ఊరుకునేది కాదు. మా చెల్లె వరంగల్‌లో చదువు ముగించుకొని ఇంటికి వచ్చిన ఏడాది నాకు బొజ్జ వచ్చింది. చేతులు మాత్రం ఎప్పటిలాగే పుల్లల్లా ఉండేవి. (ఈ చేతుల వల్ల నలుగురిలో నాకు ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను, కాస్త ఓపిక పట్టండి.) ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం లోకంలో నాకంటే అన్యాయం జరిగినవాడు ఇంకొకడు లేడనే అనుకునేవాణ్ణి.

అప్పటికి నేను గోదావరిఖనిలో, మా క్వార్టర్లకు దగ్గర్లోనే ఉన్న ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం సారును. డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఏ పరీక్ష రాసినా పిలుపు రాక, చివరికి అక్కడ చేరాను. గౌరవానికి మాత్రం లోటు లేదు. మా బాపు బొగ్గుగనిలో ఫిల్లర్‌గా పనిచేసినవాడు, అంటే తట్టలతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. నేను సారునయ్యేనాటికి తట్టలు పోయి మిషన్లు వచ్చాయి, బాపును పైన తేలిక పనికి మార్చారు. ఆయన కండలకు మాత్రం ఆ కబురు అందినట్టు లేదు, తట్టలు మోసిన రోజుల్లో ఎలా ఉండేవో అలాగే ఉండేవి. పొద్దటి షిఫ్టు దిగి, తానం చేసి, చౌరస్తాలో చాయ్ హోటల్ ముందరి బెంచీ మీద కూర్చొని, పక్కన ఎవరున్నా సరే, “మావోడు సైన్సు సారు. చీమకు గుండెకాయ యాడుంటదో సుత చెప్తడు” అనేవాడు. చీమకు గుండె ఎక్కడుంటుందో నిజానికి నాకు తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి మా ఇద్దరి పరువూ నిలిచింది.

బడిలో నాకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. పదో తరగతిలో జీవపరిణామం. దాన్ని నేను పాఠంలా కాదు, నాటకంలా చెప్పేవాణ్ణి. కుర్చీ ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకొని, నాలుక బయటపెట్టి, మెడను ఫ్యాను వైపు సాచి సాచి, అందని ఆకుల కోసం జిరాఫీ పడే పాట్లన్నీ పడేవాణ్ణి. “ఆకు అందలేదు. మళ్ళీ సాచింది. అందలేదు. బతుకంతా సాచింది. సాచగా సాచగా మెడ పొడుగైంది. దాని పిల్లలు పొడుగు మెడతోనే పుట్టాయి. కాబట్టి పిల్లలూ, ప్రయత్నిస్తే కానిది లేదు!” అనేసరికి తరగతంతా చప్పట్లు. ఒకరిద్దరు ఆడపిల్లలు జిరాఫీ కష్టానికి కళ్ళు కూడా తుడుచుకునేవారు. పక్క తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూసేవారు. నాకు ‘జిరాఫీ సారు’ అని పేరు పడింది. అయితే ఆ జిరాఫీ కథ ఒకప్పటి ఊహ మాత్రమేనని, అది తప్పని తేలిందని పుస్తకంలో తర్వాతి పేజీలోనే ఉంది. నా జిరాఫీ పూర్తయ్యేసరికి గంట కొట్టేవారు, ఆ పేజీ దాకా నేనెప్పుడూ వెళ్ళలేదు. పైగా నా దగ్గర ఒక పెద్ద చార్టు ఉండేది. సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టుతో వేయించాను. ఎడమ పక్కన కోతి, తర్వాత కొంచెం లేచిన కోతి, ఇంకొంచెం లేచిన కోతి, అలా వరసగా నడిచి నడిచి కుడి చివర మనిషి. ఆ ఆఖరి మనిషికి ఆర్టిస్టు ఎందుకో చొక్కా టక్ చేసి, బూట్లు కూడా వేశాడు. నేను కాదనలేదు, మనిషి అక్కడిదాకా వచ్చాక బూట్లు లేకపోతే ఏం బాగుంటుంది!

ఇలా నడుస్తున్న నా రాజ్యంలోకి చెల్లె వచ్చింది. జువాలజీలో ఎమ్మెస్సీ. నాకంటే మూడేళ్ళు చిన్నది, పొట్టిది, మాట నెమ్మది. మా కరస్పాండెంట్ సారు ఆమె సర్టిఫికెట్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చూసి, తొమ్మిది, పది తరగతులు ఆమెకిచ్చేశాడు. నన్ను ఆరు, ఏడు, ఎనిమిదికి దింపాడు. “మీరు చిన్నపిల్లలకైతే మంచిగ సరిపోతరు సార్, నవ్విస్తరు గదా” అన్నాడు. ఆ రోజు బడి పక్క బండి దగ్గర నేనెన్ని మిర్చి బజ్జీలు తిన్నానో ఆ బండివాడికే తెలియాలి.

ఇంట్లోనూ అంతే. ఆదివారం మటన్ వండితే మూలుగ బొక్క, అంటే మూలుగున్న ఎముక, నాది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాదే. చెల్లె వచ్చిన మొదటి ఆదివారం అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం) దాన్ని గరిటెతో తీసి, నా పళ్ళెం మీదుగా గాలిలో పోనిచ్చి, చెల్లె పళ్ళెంలో వేసింది. “గా హాస్టల్ల ఏం తిన్నదో పిల్ల, బక్కగయింది” అంది. నేను పప్పు కలుపుకున్నాను. చెల్లె ఆ బొక్కను తీసి నా పళ్ళెంలో వేయబోయింది. “వద్దు, నాకు ఇష్టంలేదు” అన్నాను. (అబద్ధం. ఆమె దాన్ని చప్పరిస్తుంటే ఆ చప్పుడు ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది.) వారం తిరిగేసరికి చాయ్ హోటల్ దగ్గర బాపు మాట కూడా మారింది. నేను పెరుగు ప్యాకెట్టు కోసం అటు వెళ్తే, వెనక నుంచి వినిపించింది: “నా బిడ్డ ముంగట మావోడేంది? మావోడు చీమ దాకనే. బిడ్డకు చీమ గుండెలకెళ్ళి నెత్తురు యాడికి పోతదో సుత ఎరుకే.” పెరుగు ప్యాకెట్టు తీసుకున్నాను, దాంతోపాటు ఒక బ్రెడ్డు కూడా తీసుకున్నాను.

ఇది ఇట్లా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం బడికి సర్దార్ తాత వచ్చాడు. గనిలో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారుగా పనిచేసి దిగిపోయిన మనిషి, పొడుగ్గా, తెల్ల మీసాలతో, చేతిలో కర్రతో ఉంటాడు. ఆ కర్ర నడవడానికి కాదు, క్వార్టర్ల మీదపడి దోచుకుతినే కోతులను తరమడానికి. ఆ కర్రతో మా ఆఫీసు బల్ల మీద ఒక్కటేశాడు. “ఎవడు గా జిరాఫీ సారు? నా మనుమడు నన్ను కోతంటున్నడు. ‘తాతా, మనం కోతులకు పుట్టినమట, నువ్వింకా పాతోనివి గదా, నీకు తోక ఉండేనా?’ అని అడుగుతున్నడు. నలుగురి ముంగట అడుగుతున్నడు!” అన్నాడు. ఆ మనవడు పోయినేడు తొమ్మిదిలో ఉండి కిటికీలోంచి నా పాఠం చూసినవాడే, ఇప్పుడు పదిలో ఉన్నాడు. నేను ఏదో చెప్పబోతే తాత కర్ర పైకి లేచింది. కరస్పాండెంట్ సారు నడుమకొచ్చి, చాయ్ తెప్పించి, ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులందరినీ పిలుస్తామని, ఈ పాఠం సంగతేమిటో అందరికీ విప్పి చెప్తామని మాటిచ్చి పంపించాడు.

“నేను చెప్తా సార్” అంది చెల్లె, అక్కడే నిలబడి. నా కడుపులో పొయ్యి భగ్గుమంది. “ఆ పాఠం నాది. నా పాఠం మీద ఫిర్యాదు వచ్చింది, నేనే చెప్తాను” అన్నాను. కరస్పాండెంట్ సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సీనియరు మాట తీసెయ్యలేక సరేనన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో నేను చార్టు పరిచి దుమ్ము తుడుస్తుంటే చెల్లె వచ్చి పక్కన కూర్చుంది.

“అన్నా, ఏమనుకోకు. గీ బొమ్మ తప్పు” అంది.

“ఏం తప్పు? బూట్లా?”

“బూట్లు గాదు. కోతులు గిట్ల వరుసగ నడుసుకుంట అచ్చి మనుషులు కాలే. జిరాఫీ కూడ మెడ సాపితె పొడుగు కాలే. పుస్తకంల తర్వాతి పేజీ చూడు, ఒక్కసారి.”

ఆమె నా మేలుకోరే చెప్పింది. నాకు మాత్రం ఎలా అర్థమైందో చెప్పనా? పాపం, దీనికి నా మీద అసూయ, అనుకున్నాను. నా చప్పట్లు చూసి ఓర్వలేకపోతోంది అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత కమ్మగా ఉందంటే, ఆ పూట నాకు ఆకలే వేయలేదు. “నీ ఎమ్మెస్సీ నీ దగ్గర ఉంచుకో” అని చార్టు చుట్టి చంకలో పెట్టుకున్నాను.

ఆదివారం బడి మైదానంలో షామియానా వేశారు. తల్లిదండ్రులు బాగానే వచ్చారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు, పిల్లలను సంకనేసుకొని వచ్చిన ఆడవాళ్ళు, ముందు వరసలో కర్రతో సహా సర్దార్ తాత, ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాలో మా బాపు. అవ్వ ఆడవాళ్ళలో కూర్చుంది. వేదిక మీద పెద్దమనుషుల కోసం ఒక పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టారు. చెల్లె వెనక ఎక్కడో నిలబడింది. ఆమె కనపడకపోవడం నాకెంతో ధైర్యమిచ్చింది. మైకు అందుకొని, చార్టు వేలాడదీసి, కోతి దగ్గర మొదలుపెట్టి బూట్ల దాకా ఒక్క ఊపులో వచ్చేశాను. “కోతే నడిచి నడిచి మనిషైంది!” అని ముగించాను.

సర్దార్ తాత లేచాడు. “సారూ, ఒక్క మాట. కోతులు మనుషులైతె, మా క్వార్టర్ మీదున్న కోతులు ఇంకెప్పుడైతయ్? నేను సూడవట్టి శానేండ్లాయె. ఒక్కటన్న అయితలేదు.”

ఈ ప్రశ్న నాకు కొత్త. క్షణం ఆలోచించి, “అవి ఇంకా ప్రయత్నం చేస్తున్నాయి తాతా” అన్నాను.

జనం నవ్వారు. సరిగ్గా ఆ నవ్వులోనే ప్రహరీ మీద నుంచి ఒక కోతి దూకింది. (మా దిక్కు ఇది వింత కాదు, అరటిపండు బయటపెట్టడమే వింత.) వేదిక ఎక్కి, పళ్ళెంలోంచి పండు తీసుకొని, తాపీగా వెళ్ళి నా చార్టు కింద, సరిగ్గా మొదటి బొమ్మ కింద కూర్చొని తొక్క ఒలుచుకుంది. వెనక నుంచి ఎవరో, “సారూ, బొమ్మల మొదటోడు అచ్చిండు!” అని అరిచారు. ఇంకెవరో, “గింత ప్రయత్నం సాలదా సారూ? బూట్లియ్యుండ్రి!” అన్నారు. షామియానా అదిరిపోయింది. కోతి మాత్రం నాకంటే నిబ్బరంగా ఉంది.

పరువు దక్కించుకోవాలంటే నాకు తెలిసిన మందు ఒకటే. కుర్చీ ఎక్కాను. చేతులు వెనక్కి కట్టాను. మెడ సాచాను. జిరాఫీ బాగానే పండింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. “చూశారా, సాచగా సాచగా మెడ పెరిగింది, పిల్లలకు కూడా అదే వచ్చింది!” అంటుండగా ఒక పెద్దమ్మ కూర్చున్నచోటి నుంచే, “మా ఆయన గనిల వంగి వంగి పని చేసిండు సారూ, నడుం విల్లు లెక్క వంగింది. నా కొడుకు మరి సక్కగ పుట్టిండు గదా, గదెట్ల?” అంది. ఆమె ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే నవ్వించి తప్పించుకునే దారి కూడా లేకపోయింది. అటూ ఇటూ చూశాను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు బాపు లేచాడు. “ఏయ్, నవ్వకుండ్రి. మావోడు సదువుకున్నోడు, ఉత్తగ చెప్తడా?” అంటూ వేదిక ఎక్కాడు. నా కోసం మా బాపు వేదిక ఎక్కడం అదే మొదటిసారి. నా గుండె పొంగింది. “పని చేస్తె కండ పెరుగుతది, అవునా కాదా? ఇగో సూడుండ్రి” అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. తట్టలు మోసిన చెయ్యి, జనం అబ్బురంగా చూశారు. “నా కండ యాడికి పోతది? నా కొడుక్కు రాదా? గదే మావోడు చెప్పేది” అంటూ, నేను వద్దనేలోపే, నా చొక్కా చెయ్యి గుండీ విప్పి, భుజం దాకా మడిచి, నా చేతిని పట్టుకొని అందరికీ కనపడేలా పైకెత్తాడు.

నా పుల్ల చెయ్యి సాయంత్రపు ఎండలో అందరి కళ్ళ ముందరా నిలబడింది. దాని పక్కన బాపు చెయ్యి. చార్టు కింద కోతి కూడా తినడం ఆపి చూసిందని నాకు గట్టి అనుమానం. సర్దార్ తాత నెమ్మదిగా, “ఓ ఫిల్లరూ, నౌకరైతె వారసత్వంగ అస్తది గని, కండలు రావురా!” అన్నాడు. (తండ్రి నౌకరి కొడుక్కు ఇప్పించుకోవాలన్నది మా గనుల దగ్గర ఇంటింటి ముచ్చట, అందుకే ఆ మాట అందరికీ తగలవలసిన చోట తగిలింది.) ఇక నవ్వులు ఆగలేదు. మా అవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకొని నవ్వడం నేను కళ్ళారా చూశాను. బాపు నవ్వలేదు. నా చేతిని కిందికి దించి, మడత విప్పి, గుండీ పెట్టి, భుజం మీద ఒకసారి తట్టి దిగిపోయాడు. నా సిద్ధాంతాన్ని ఓడించింది నా చెయ్యే. దాన్ని పైకెత్తినవాడు నన్ను గెలిపించాలని వచ్చిన మా బాపే.

కరస్పాండెంట్ సారు నా చెవిలో, “చెల్లెమ్మను పిలువుండ్రి సార్, మైకులనే పిలువుండ్రి” అన్నాడు. అంతకంటే ఆ కర్రతో కొట్టించినా బాగుండేది. “ఇప్పుడు... మా చెల్లె... మాట్లాడుతుంది” అన్నాను. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి జిరాఫీ కంటే ఎక్కువ కష్టపడ్డాను.

చెల్లె వచ్చి, ముందు కోతికి ఇంకో పండిచ్చి గోడ వైపు పంపింది. తర్వాత మైకులో, “మా అన్న ఒకటి మంచిగ చెప్పిండు. జీవులు మారుకుంట అచ్చినయ్ అన్నది నిజమే. ఎట్ల మారినయ్ అన్నకాడనే జర తేడా వచ్చింది” అంది. నన్ను వెనకేసుకొచ్చింది! నన్ను తిట్టినా ఓర్చుకునేవాణ్ణి. నలుగురి ముందర ఆమె దయ చూపిస్తే నేనెట్లా భరించాలి? వేదిక మెట్ల మీద కూర్చొని ఒక అరటిపండు ఒలుచుకున్నాను.

“తాతా, కోతి మీకు తాత కాదు” అంది చెల్లె.

“గదే గదా నేను అనేది!” అన్నాడు సర్దార్ తాత.

“శాన శాన యెనుకకు పోతె, మనకూ కోతులకూ కలిపి ఒక్క ముత్తాత ఉన్నడు. ఆ ముత్తాత ఇయ్యాల్టి కోతీ కాదు, మనిషీ కాదు. ఆయన సంతానం వేరువడ్డది. ఒక దిక్కు పోయినోళ్ళు కోతులైన్రు, ఇంకో దిక్కు అచ్చినోళ్ళు మనుషులైన్రు. మీ చిన్నాయిన కొడుకు ఎన్నేండ్లకన్న మీరైతడా? కాడు గదా. కోతులూ గంతే, అవి మనుషులు కావాలని ఏం కూసోలే. అవి మనకు పాలోళ్ళు, దూరపు పాలోళ్ళు.”

పాలోళ్ళంటే మా దిక్కు ఒకే ఇంటిపేరు దాయాదులు, భూమి గట్ల దగ్గర తగవులు పడేవాళ్ళు. సర్దార్ తాత ముఖం విప్పారింది. “పాలోళ్ళా! గట్ల జెప్పు బిడ్డా! అందుకేనా నా జామచెట్టు మీదవడి సగం నాదే అన్నట్టు తింటున్నయ్! పాలోళ్ళు గాకపోతె అంత హక్కు యాడికెళ్ళి అస్తది?” అని తొడ చరిచాడు. జనం ఈసారి నవ్విన నవ్వు వేరు. నా మీద నవ్వినట్టు కాదు, తమతో తాము నవ్వుకున్నట్టు. ఆ తేడా నాకు బాగా తెలిసింది, కాబట్టి ఇంకో పండు తిన్నాను.

తర్వాత చెల్లె అవ్వను లేపి నిలబెట్టింది. “అవ్వా, మన కోళ్ళ సంగతి చెప్పు. మొదట ఏం రంగుండె?” అంది. అవ్వ సిగ్గుపడుతూనే, “అన్ని రంగులుండె. తెల్లయి, నల్లయి, బూడిదయి. బొగ్గు దుమ్ముల తెల్ల పిల్లలు గద్దకు దూరంకెళ్ళే కనవడుతుండె, ఎత్తుకపోతుండె. ఇప్పుడు సూస్తె అన్నీ నల్లయే” అంది.

“తెల్ల పిల్లలు బక్కగుండెనా?”

“యాడ బక్కగ! అన్నిట్ల బొద్దుగ, బలంగ గవే ఉండె.”

“సూసిన్రా” అంది చెల్లె జనంతో. “బలమున్నదే బతుకుతదన్నది సుత నిజం కాదు. ఆ జాగకు ఏది సరిపోతె అది బతికి పిల్లలను పెడ్తది. ఒక్క కోడి సుత నల్లగ కావాలని ప్రయత్నం చెయ్యలే. పుట్టుకతోనే తలా ఒక తీరుగుండె, గద్దకు కనవడనియి దక్కినయ్. జిరాఫీ సుత గంతే. పొడుగు మెడతోటి పుట్టినయి ఎక్కువ దక్కినయ్, వాటి పిల్లలు ఎక్కువైనయ్. పెద్దమ్మా, నడుం వంగింది మీ ఆయన బతుకుల, అది కొడుక్కు రాదు. మా బాపు కండ సుత బాపుదే.”

ఇంత తేలికా, అనుకున్నాను. నేను ఫ్యాను దాకా మెడ సాచి చెప్పలేనిది మా అవ్వ కోళ్ళతో అయిపోయింది. చప్పట్లు మోగుతుంటే బాపు లేచి, వెనక్కి తిరిగి, “నా బిడ్డ!” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేనెన్నిసార్లు కుర్చీ ఎక్కానో! జనం వెళ్ళిపోయాక చూస్తే పళ్ళెం ఖాళీగా ఉంది. సగం నేను తిన్నాను, సగం మా పాలోడు తిన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు చెల్లెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బడికి పోతూ మాట్లాడకుండా ఉండడం చిన్న పని కాదు. “అవ్వా, దువ్వెన యాడవెట్టిందో అడుగు” అనేవాణ్ణి, చెల్లె నా పక్కనే ఉన్నా. అవ్వ మొదట ఇటు మాట అటు చేర్చింది, తర్వాత విసుగొచ్చి, “మీ నడుమ నేనేమన్న టెలిఫోనా?” అని వంటింట్లోకి పోయింది.

ఒకరోజు బడి విడిచాక చెల్లె స్టాఫ్ రూములో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ముఖం ఎర్రగా ఉంది. “అన్నా, ఇయ్యాల పదో తరగతిల గా పాఠం మొదలువెట్టిన” అంది. నేను హాజరుపట్టీలో తలదూర్చాను. “మొత్తం మంచిగ చెప్పిన. ఒక్క తప్పు లేకుండ చెప్పిన. అంతయినంక వెనుక బెంచోళ్ళు ఏమన్నరో ఎరుకేనా? ‘మేడం, సారు లెక్క జిరాఫీ చెయ్యుండ్రి’ అన్నరు.”

నా చెవులు నిక్కాయి. “చేసినవా?”

“చేసిన. కుర్చీ ఎక్కి చేసిన. ఒక్కడు నవ్వలే. ఒక పిల్ల లేచి, ‘మేడం, మెడ నొస్తుందా, జండూబామ్ తేవాల్నా?’ అన్నది.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చిన్నప్పుడు ఇంట్ల నువ్వు జంతువుల యాక్షన్ చేస్తె అందరు నీ చుట్టే ఉంటుండె. బాపు సుత. నేను మూలకు కూసోని సదువుకుంటుండె. ఇప్పుడింత సదివి అచ్చిన, ఇప్పటికీ నీ జిరాఫీనే అడుగుతున్నరు. నాకు నీ మీద ఎంత మంటనో నీకు ఎరుకలేదు.”

ఆహా! ఆ మాట నా చెవుల్లో పడగానే నాకు కలిగిన ఆనందాన్ని ఎలా చెప్పను! నా ఎమ్మెస్సీ చెల్లెకు, మూలుగ బొక్క చెల్లెకు, నా మీద అసూయ! అదీ నేను ఊహించుకున్నది కాదు, స్వయంగా ఆమే చెప్తోంది. లేచి బయటికి పోయి ఇద్దరికీ చాయ్ తెచ్చాను. బజ్జీలు కూడా తెచ్చాను, ఆమె తింటుంటే చూశాను. నాకు అక్కర్లేకపోయింది. “రేపు నేనొస్తా. నేను జిరాఫీ చేస్త, నువ్వు పాఠం చెప్పు” అన్నాను. ఆ సాయంత్రం మొదటిసారి పుస్తకంలో ఆ తర్వాతి పేజీ తీసి చదివాను. చిన్న పేజీయే.

మర్నాడు పదో తరగతిలో నేను కుర్చీ ఎక్కి మెడ సాచాను. “సాచగా సాచగా...” అనగానే చెల్లె బల్ల మీద డస్టరుతో కొట్టి, “ఇది తప్పు! ఎందుకు తప్పో ఎవరు చెప్తరు?” అంది. పిల్లలు లేచి లేచి చెప్పారు. నేను కుర్చీ మీద ఏడుపు ముఖం పెడితే తరగతంతా దొర్లి దొర్లి నవ్వింది. చార్టు కూడా తెచ్చాను. చెల్లె దాన్ని తిరగేసి, వెనక వైపు ఒక చెట్టు గీసింది. కొమ్మకొక జీవి, మనిషి ఒక కొమ్మ, కోతి ఒక కొమ్మ, ఎవరూ ఎవరి తల మీదా నిలబడలేదు. ఆ ఏడు మొదలు నేను అధికారికంగా తప్పు చెప్పే సారును. సర్దార్ తాత మనవడు ఇంటికి పోయి ఏం చెప్పాడో గానీ, తాత నా కోసం జామకాయలు పంపించాడు, “పాలోళ్ళు ఇడిచిపెట్టినయి” అన్న కబురుతో సహా. చాయ్ హోటల్ దగ్గర బాపు, “మావోడు తప్పు చెప్తడు, బిడ్డ దిద్దుతది. ఒక్క కడుపుల పుట్టినోళ్ళే, ఒక్కలెక్కన్న ఉన్నరా సూడు!” అంటున్నాడని తెలిసింది. చెల్లెతో చెప్తే, “గదే అన్నా, మొత్తం పాఠం గదే” అంది.

చెల్లె ఇప్పుడు మంచిర్యాల దిక్కు ఒక కాలేజీలో లెక్చరర్. నేను ఇప్పటికీ బళ్ళోనే ఉన్నాను, పాఠం మాత్రం రెండు పేజీలూ చెప్తున్నాను. బొజ్జ తగ్గలేదు, దాన్ని వయసు మీదికి నెట్టేశాను. అసూయ తగ్గిపోయిందనే అనుకున్నాను. ఈమధ్య మా అమ్మాయి సెలవులకు వాళ్ళత్త ఇంటికి పోయి వచ్చింది. చెప్పులైనా విప్పకుండానే, “డాడీ, అత్త కప్పల గురించి చెప్పింది! అత్త లెక్క ఎవ్వరు చెప్పరు తెలుసా!” అంది. నేను జీవశాస్త్రం సారునన్న సంగతి ఆ పిల్లకు గుర్తే లేదు. లోపల ఎక్కడో చురుక్కుమంది.

“అట్లనా? ఏం చెప్పిందో చెప్పు మరి” అని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అమ్మాయి చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ, కప్ప గుడ్డు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని నేను చెవులప్పగించి విన్నాను. దొరకలేదు.